మూడు చెంచాల గ్లూకోజు

నా పైవరసలో ముందు పన్ను కట్టుడు పన్ను. అసలు పన్ను ఎలా పోయిందో ఏడాది పాటు ప్రతి మంగళవారం మైకు పట్టుకుని చెప్పాను. చెప్పినప్పుడల్లా చప్పట్లు కొట్టించుకున్నాను. ఇప్పుడెవరైనా ఆ కథ చెప్పమంటే ఒళ్ళు మండుతుంది నాకు. అయినా మీకు చెప్పక తప్పదు, అది తెలియకపోతే మిగతాది అర్థం కాదు.

నన్నందరూ కాళ్ళక్క అంటారు. షుగర్ ఉన్నవాళ్ళ కోసం నడిచే ఒక సేవాసంస్థలో పని నాది. ప్రింటింగ్ ప్రెస్సు మీద రెండు గదులు మావి. ముందు గదిలో మంగళవారం మంగళవారం క్లాసు జరుగుతుంది, మీటర్లు, స్ట్రిప్పులు, ఇన్సులిన్ ఇస్తారు. వెనక గది నాది. ఒక స్టూలు, ఒక తొట్టి, మెత్తటి తువ్వాళ్ళు, గోళ్ళు తీసే కత్తెర. వచ్చినవాళ్ళ పాదాలు ఒళ్ళో పెట్టుకుని వేలి సందులన్నీ వెతుకుతాను. పుండు దాచుకుని వచ్చినవాళ్ళని నేను తిట్టే తిట్లకి కింద ప్రెస్సులో మిషను ఆగిపోతుందని మావాళ్ళ జోకు. తిడతాను మరి. బొబ్బ దాచి వేలు పోగొట్టుకున్నవాళ్ళు, వేలు దాచి కాలు పోగొట్టుకున్నవాళ్ళు నా కళ్ళ ముందే ఉన్నారు.

ఫిట్టరు కూడా అలా కాళ్ళు చూపించుకోవడానికి వచ్చినవాడే. రెండు వీధుల అవతల వర్క్‌షాపులో పనిచేసేవాడు. ముప్పై ఐదు దాటని మనిషి. మాటతీరు మెత్తగా ఉండేది, అక్కా అనకుండా నోరు తెరిచేవాడు కాదు. ఒకరోజు పొద్దున పదకొండింటికి ఆ వర్క్‌షాపు ఓనరు ఫోన్ చేశాడు. "మీ పేషెంటు తాగొచ్చి మనుషుల్ని చంపేస్తున్నాడు, వచ్చి మీరే చూసుకోండి" అన్నాడు.

పరుగెత్తుకుంటూ వెళ్ళాను. గేటు దగ్గర ఒకతను భుజం పట్టుకుని కూర్చుని మూలుగుతున్నాడు, భుజం ఎముక చొక్కాలోంచి పొడుచుకొచ్చి కనిపిస్తోంది. లోపల ఫిట్టరు ఇనప రాడ్డు తిప్పుతున్నాడు. మనిషినీ కొడుతున్నాడు, గోడనీ కొడుతున్నాడు, డ్రిల్లింగ్ మిషన్నీ కొడుతున్నాడు, ఒకసారైతే తన మోకాలినే కొట్టుకున్నాడు. నలుగురు చుట్టూ నిలబడి పైపులతో వాడి నెత్తి మీద బాదుతున్నారు. నెత్తురు కళ్ళలోకి కారుతోంది. చొక్కా పిండితే బకెట్టు నిండేటంత చెమట. ఆ చెమట చూడగానే నాకు తెలిసిపోయింది, ఇది తాగుడు కాదు, షుగర్ పడిపోయింది. పొద్దున ఇన్సులిన్ పొడుచుకుని ఏమీ తినకుండా పనికొచ్చేసి ఉంటాడు. షుగర్ మరీ పడిపోతే మెదడుకి తిండి ఉండదు, ఎవరిని ఏం చేస్తున్నాడో ఆ మనిషికే తెలియదు.

ఇంకో దెబ్బ వేసినవాడి చెయ్యి నరుకుతానని అరిచి మధ్యలోకి దూరాను. ఫిట్టరు మోచెయ్యి వచ్చి నా మూతికి తగిలింది, పన్ను నా గొంతులోకే పోయింది. అయినా వదల్లేదు. కాళ్ళకి అడ్డం పడి పడగొట్టి, రొమ్ము మీద కూర్చుని, మూడు చెంచాల గ్లూకోజు పొడి చిగుళ్ళకి రుద్దాను. నా వేలు ఎముకదాకా కొరికాడు. పావుగంటకి కళ్ళు తెరిచి, ఈ రక్తమంతా ఎవరిదక్కా అని అడిగాడు. చెబితే చిన్నపిల్లాడిలా ఏడ్చాడు.

ఓనరు పనిలోంచి తీసేస్తానన్నాడు. నేను మూతికి గుడ్డ కట్టుకునే వెళ్ళి పోట్లాడాను. "కొట్టింది వాడు కాదు, షుగరు. పడిపోయినప్పుడు వాడు వాడు కాదు" అన్నాను. ఓనరు మెత్తబడ్డాడు. ఆ ముక్క నాకే ఎంత నచ్చిందంటే, మా ముందు గదిలో గోడ మీద కూడా రాయించాను.

ఇదీ నా పన్ను కథ. ఇందులో ఒక్క అబద్ధం లేదు. అదే నా ఖర్మ.

తర్వాత మూడు నెలలకి ఫిట్టరు భార్య నా గదిలోకి వచ్చింది. టైలరమ్మ అంటాం ఆమెని, ఇంట్లోనే మిషను మీద బట్టలు కుడుతుంది. నోట్లో నాలుక లేని పిల్ల. ఆయన స్ట్రిప్పులు తీసుకెళ్ళడానికి ప్రతి మంగళవారం ఆమే వస్తుంది. ఆరోజు మెడ మీద నాలుగు వేళ్ళ అచ్చులు నల్లగా ఉన్నాయి.

"షుగర్ పడిపోయింది అక్కా" అంది. "రాత్రి భోజనానికి కూర్చోబోతూ ఒక్కసారిగా మారిపోయాడు. మెడ పట్టుకుని గోడకేసి కొట్టాడు. నేను పక్కింటికి పారిపోయాను. తర్వాత అడిగితే ఏమీ గుర్తులేదంటున్నాడు."

నాకు కోపం వచ్చింది. ఎవరి మీదనుకున్నారు? ఆ పిల్ల మీద. "పారిపోయావా? వాడు చచ్చి ఉంటే?" అన్నాను. "షుగర్ పడిపోయినవాణ్ణి వదిలేసి పోతే పావుగంటలో శవం అవుతాడు. ఈసారి పారిపోకు. దగ్గరికెళ్ళు. వేలు గుచ్చి చూస్తూ కూర్చోకు, టైముండదు. ముందు మూడు చెంచాలు నోట్లో పడాలి. పదిహేను నిమిషాల తర్వాత అప్పుడు వేలు గుచ్చి చూడు, పెరిగిందో లేదో తెలుస్తుంది."

"కొడుతుంటే దగ్గరికెలా వెళ్ళాలక్కా?"

"నేను వెళ్ళలేదా?" అని పెదవి ఎత్తి కట్టుడు పన్ను చూపించాను.

అంతటితో ఊరుకున్నానా? తలుపు మూసి ఆ పిల్లకి నేర్పాను. నేను ఫిట్టరుని, ఆమె ఆమే. నేను చేతులు విసురుతుంటే, తల వంచి, ఎడమపక్క నుంచి, నా చంక కింద నుంచి దూరి, గడ్డం పట్టుకోవాలి. మొదటిసారి భయపడి కళ్ళు మూసుకుంది. "కళ్ళు తెరిచి రా" అని గదమాయించాను. నాలుగోసారికి వచ్చేసింది. ఇద్దరం నవ్వుకున్నాం. మిషను కుట్టే చేతులు కదా, ఏదైనా త్వరగా పట్టుకుంటాయని మెచ్చుకున్నాను. చిన్న సీసాలో గ్లూకోజు పోసిచ్చి, ఎప్పుడూ నడుముకి కట్టుకుని ఉండమన్నాను.

అప్పటినుంచి ఎనిమిది నెలలు. ఒకసారి చెవి దగ్గర దెబ్బ, వారం రోజులు ఆ చెవి వినపడలేదు. ఒకసారి పక్కటెముక. ఒకసారి స్టీలు గ్లాసు అంచు తగిలి కనుబొమ్మ చీలి మూడు కుట్లు. ఒకసారి పొత్తికడుపులో తన్నితే రెండు రోజులు లేవలేకపోయింది. వచ్చిన ప్రతిసారీ ఆమె అప్పజెప్పే పాఠం ఒకటే. "నువ్వు చెప్పినట్టే దగ్గరికెళ్ళానక్కా. మూడు చెంచాలు పెట్టాను. బుద్ధిగా నోరు తెరిచి తిన్నాడు. పావుగంటకి చూస్తే రెండువందల అరవై. మామూలైపోయి పడుకున్నాడు."

నేను భేష్ అనేదాన్ని. మీరు నమ్మరు, మంగళవారం క్లాసులో ఆ పిల్లని లేపి నిలబెట్టి, భార్యంటే ఇలా ఉండాలని చప్పట్లు కొట్టించాను. కనుబొమ్మకి కుట్లతో నిలబడింది పాపం. ఆమె పక్కనే ఫిట్టరు చేతులు కట్టుకుని కూర్చుని ఉన్నాడు, అందరికంటే గట్టిగా చప్పట్లు కొట్టింది వాడే.

నెలాఖరుకి ప్రతి మీటర్లోని అంకెలన్నీ తేదీ, టైముతో సహా దించి ఒక కాగితం మీద రాసి సంతకం పెట్టడం మా పద్ధతి. అందులో ఒక గడి ఉంటుంది, ఈ నెలలో డెబ్బైకి దిగువ ఎన్నిసార్లు అని. ఫిట్టరు కాగితంలో ఎనిమిది నెలలూ 'ఒక్కసారి కూడా లేదు' అని రాశాను. టైలరమ్మ ముందు గ్లూకోజు పెట్టి తర్వాత చూస్తుంది కాబట్టి తక్కువ అంకె మీటరుకి దొరకదులే అనుకున్నాను. చెవితో విన్నది ఒకటి, చేత్తో రాసింది ఇంకొకటి. ఆ రెంటినీ ఒక్కచోట పెట్టి చూడాలన్న ఇంగితం నాకు లేకపోయింది.

తొమ్మిదో నెలలో ఆ పిల్ల కుడి మణికట్టు విరిచాడు. ఆసుపత్రిలో చూశాను. చెయ్యి మోచేతిదాకా సిమెంటు కట్టు, పెదవి చిట్లి వాచిపోయి ఉంది. డాక్టర్లకి ఏం చెప్పావంటే మెట్ల మీంచి పడ్డానని చెప్పిందట. నాకు మాత్రం నిజం చెప్పింది.

"చంక కింద నుంచే వెళ్ళానక్కా. ఈసారి నేనలా వస్తానని ముందే తెలిసినట్టు, చెయ్యి దొరకబుచ్చుకుని మెలితిప్పాడు. టక్కుమంది. ఆ చేత్తోనే పెట్టాను, గ్లూకోజు." కట్టులోంచి బయటికున్న వేళ్ళు చూసుకుని, "ఇంక మిషను కుట్టగలనో లేదో" అంది.

నాకు అప్పటికీ బల్బు వెలగలేదు. ఇన్నిసార్లు షుగర్ పడిపోతోందంటే వాడికి ఇన్సులిన్ ఎక్కువైందనుకున్నాను. డోసు తగ్గించమని అడగడానికి తిన్నగా మా డాక్టరమ్మ దగ్గరికి వెళ్ళాను. డాక్టరమ్మకి డెబ్బై ఏళ్ళు, గురువారాలు మా సంస్థకి ఉచితంగా వచ్చి చూస్తుంది. నా మాటంతా విని ఫైలు తెరిచి, నేను రాసిన కాగితాలు నా ముందే పెట్టింది.

"తగ్గించడమేమిటే? వీడికి షుగర్ ఎక్కువుంది. ఒక్కసారి కూడా పడలేదని నువ్వే రాశావు."

"మీటర్లో పడేది గ్లూకోజు పెట్టాక చూసిన అంకె కదమ్మా."

"పెట్టాక ఎంతుందిట?"

"రెండువందల అరవై. రెండువందల డెబ్బై."

ఆమె కళ్ళజోడు తీసి నావైపు చూసింది. "మూడు చెంచాలు పావుగంటలో ఎంత పెంచుతాయి? నువ్వు రోజూ చెప్పే లెక్కే. చెప్పు."

"నలభై. మహా అయితే యాభై." నిజంగా పడిపోయినవాడు మూడు చెంచాలకి తొంభైకో వందకో వస్తాడు. రెండువందల అరవై ఉన్నాడంటే, కొట్టేటప్పుడు రెండువందల పైనే ఉన్నాడు. ఆ అంకె దగ్గర మనిషికి దాహం వేస్తుంది, నీరసం వస్తుంది, ఒంటేలుకి లేస్తాడు. ఒళ్ళు తెలియకుండా పెళ్ళాం మెడ పట్టుకోడు.

పదకొండుసార్లు. తేదీలూ టైములతో సహా అన్నీ నా చేతిరాతలోనే ఉన్నాయి. పదకొండుసార్లూ వాడికి ఒంటి మీద తెలివి ఉంది. నేను ఆ పిల్లకి వాడి పిడికిలి కిందికి ఎలా వెళ్ళాలో తలుపు మూసి మరీ నేర్పాను.

టైలరమ్మ ఆసుపత్రి నుంచి ఇంటికొచ్చేసిందని తెలిసి, ఆదివారం మధ్యాహ్నం పన్నెండున్నరకి వాళ్ళింటికి వెళ్ళాను. ముందు ఆ పిల్లని బయటికి పిలిచి చెప్పి, ఎక్కడైనా దాచి, తర్వాత వాడి సంగతి చూడాలి. బుద్ధున్న మనిషెవరైనా అదే చేస్తారు. నాకు అరికాలి మంట నెత్తికెక్కి ఉంది.

ఒక గది, వెనక చిన్న వంటిల్లు. కిటికీ పక్కన కుట్టుమిషను, ఎదురుగా బల్ల మీద టీవీ. ఫిట్టరు అప్పుడే ఇన్సులిన్ పొడుచుకుని కంచం ముందు కూర్చున్నాడు. ఆమె ఎడమచేత్తో వడ్డిస్తోంది. "రా అక్కా, భోంచేద్దువుగాని" అన్నాడు, ఎప్పటిలాగే మెత్తగా.

ఆ పదకొండు తేదీలకీ సున్నాలు చుట్టిన కాగితాలు వాడి కంచం పక్కన పడేశాను. "నువ్వు కొట్టిన రోజులివి. చదువుకో."

వాడు చదవలేదు. నేను ఆమెవైపు తిరిగాను. "చెల్లీ, వీడికి ఒక్కసారి కూడా షుగర్ పడలేదే. ఒక్కసారి కూడా. తెలిసే కొట్టాడు నిన్ను."

ఆమె గరిటె పట్టుకుని అలాగే నిలబడింది. వాడు లేచి, నింపాదిగా వెళ్ళి తలుపు గడియ పెట్టాడు. తర్వాత నావైపు తిరిగి మాట్లాడాడు.

"మొదటిసారి నాకూ ఈ ఉపాయం తెలియదక్కా. కోపమొచ్చింది, కొట్టాను. తెల్లారి ఇది పక్కింటి నుంచి తిరిగొచ్చి, షుగర్ పడిందా అని అదే అడిగింది. అవునన్నాను. నువ్వే కదా చెప్పావు, అది నేను కాదని. గోడ మీద కూడా రాయించావు."

"సిగ్గు లేదురా నీకు?"

"ఉంటే మాత్రం ఎవరడిగారు? క్లాసులో చప్పట్లు కొట్టించావు."

అని, కంచాన్ని కాలితో తన్నాడు. అది వెళ్ళి ఆమె మోకాళ్ళకి తగిలింది, అన్నం గదంతా చిమ్మింది. ఒక్క అంగలో ఆమె దగ్గరికెళ్ళి కట్టున్న చెయ్యి పట్టుకుని లాగాడు. ఆ అరుపు నేను చచ్చేదాకా మర్చిపోను. నేను మిషను మీదున్న ఇస్త్రీపెట్టె తీసి వాడి వీపున వేశాను. వాడు ఆమెని వదిలి నా జుట్టు పట్టుకుని, నా తల తీసుకెళ్ళి మిషను చక్రానికేసి కొట్టాడు. కళ్ళ ముందు నల్లబడింది. కింద పడ్డాను. లేవబోతే చేతి మీద కాలేసి తొక్కాడు.

నేల మీద పడి ఉన్నాను కాబట్టే నాకు బాగా కనిపించింది. వాడు ఆమెని గది చుట్టూ తరుముతున్నాడు. కొడుతున్నాడు, తంతున్నాడు, కానీ టీవీ దగ్గరికి వచ్చేసరికి పక్కకి తప్పుకుని పోతున్నాడు. గాజు సీసాలున్న అరకి భుజం తగలనివ్వడం లేదు. చూసి చూసి, కట్టు మీదే కొడుతున్నాడు, వాచిన పెదవి మీదే కొడుతున్నాడు. ఎక్కడ నొప్పో ఎంచుకుంటున్నాడు. ఆ రోజు వర్క్‌షాపులో తన మోకాలినే కొట్టుకున్న మనిషికీ ఈ మనిషికీ పోలికే లేదు. ఇన్నాళ్ళూ ఒక్కసారైనా ఈ ఇంటికొచ్చి, ఏ సామాను పగిలిందని అడిగి ఉంటే చాలు. షుగరుకి టీవీ అంటే భయమా?

పక్కింటి పెద్దావిడ తలుపు బాదుతోంది, పోలీసులకి ఫోన్ చేశానని కేకలు పెడుతోంది. వాడు పట్టించుకోలేదు. నేను లేచాను, మళ్ళీ పడ్డాను. మళ్ళీ లేచి వాడి కాలు పట్టుకుంటే దవడ మీద తన్నాడు. నేను ఆమెకి అడ్డం వెళ్ళడం, వాడు నన్ను విసిరేయడం, ఇలా ఎంతసేపు గడిచిందో చెప్పలేను. అరగంట పైనే అయ్యుంటుంది. ఆమె మిషను కిందికి దూరి మోకాళ్ళలో తల పెట్టుకుంది. వాడు వంగి ఆమె జుట్టు అందుకోబోయి, అందక, గోడని గుద్దాడు.

మళ్ళీ గోడనే గుద్దాడు. వేళ్ళు చిట్లాయి. ఏదో అన్నాడు, ముద్దముద్దగా ఉంది. చొక్కా తడిసి ఒంటికి అంటుకుపోయింది. గిర్రున తిరిగి టీవీని రెండు చేతులతో ఎత్తి తన కాళ్ళ మీదే వేసుకున్నాడు.

మిషను కింద నుంచి ఆమె తలెత్తింది. "అక్కా, ఇది నిజం" అంది.

నిజమే. ఇన్సులిన్ పొడుచుకున్నాడు, ఒక్క మెతుకు నోట్లో పడలేదు, అరగంట పైగా ఇద్దరు ఆడవాళ్ళని ఎడాపెడా తన్నాడు. పడక ఏం చేస్తుంది? తూలి, వెల్లకిలా పడ్డాడు. తల నేలకి కొట్టుకుంది. కాళ్ళూ చేతులూ కొట్టుకుంటున్నాడు, కళ్ళు తెరిచే ఉన్నాయి, దేన్నీ చూడడం లేదు. నోటి పక్క నుంచి చొంగ.

ఆమె నడుముకున్న సీసా ఊడి నా దగ్గరే పడి ఉంది. తీసుకున్నాను. మూత తియ్యలేదు.

ఉన్నదున్నట్టు చెబుతున్నాను, తర్వాత ఏమైనా అనుకోండి. పద్దెనిమిదేళ్ళుగా నేను చేస్తున్న పని షుగర్ పడిపోయినవాడి నోట్లో గ్లూకోజు పెట్టడం. నా చేతిలో సీసా ఉంది, వాడు నాకు రెండడుగుల దూరంలో ఉన్నాడు. చావనీ అనుకున్నాను. కసిగా అనుకున్నాను, హాయిగా అనుకున్నాను. ఇంకో పది నిమిషాలు నేనిలా కూర్చుంటే చాలు, ఎవరూ నన్నేమీ అనరు, దెబ్బలు తిని స్పృహ తప్పాననుకుంటారు.

ఆమె మిషను కింద నుంచి పాక్కుంటూ వచ్చింది. ముక్కులోంచి రక్తం కారుతోంది. "ఇలా ఇవ్వక్కా" అంది.

"వద్దే. వదిలెయ్."

"ఇవ్వు."

"నిన్ను చంపేవాడే వీడు. ఇవాళ కాకపోతే రేపు."

ఆమె సీసా లాక్కుంది. ఎడమచేత్తో మూత రాలేదు, పళ్ళతో లాగింది. పొడి సగం నేలపాలైంది. మిగతాది వేళ్ళ మీద వేసుకుని, ఆయన తల తొడ మీదికి తీసుకుని, చిగుళ్ళకి రుద్దడం మొదలుపెట్టింది.

"ఇప్పుడు చస్తే షుగర్ వల్ల చచ్చాడంటారు" అంది, నావైపు చూడకుండానే. "పాపం షుగరు మనిషి అంటారు. అప్పుడు నన్ను కొట్టిందీ షుగరే అయిపోతుంది. పదకొండుసార్లూ షుగరే అయిపోతుంది. నాకలా వద్దు. బతకాలి ఈయన."

నేను లేచి వెళ్ళి ఆయన కాళ్ళు పట్టుకున్నాను, కొట్టుకోకుండా. నాకంటూ చెయ్యడానికి మిగిలిన పని అదొక్కటే. కాసేపటికి గుటకలు వేయడం మొదలుపెట్టాడు. ఆమె లేచి తలుపు తీసింది. పక్కింటి పెద్దావిడ, ఆమె వెనక ఒక కానిస్టేబులు లోపలికొచ్చారు. గది చూసి పెద్దావిడ నోటికి కొంగు అడ్డం పెట్టుకుంది.

టైలరమ్మ గోడ గడియారం చూస్తూ కూర్చుంది. పదిహేను నిమిషాలు కాగానే మీటరు తెచ్చి, ఆయన వేలు గుచ్చి చూసి, నాకు చూపించింది. ఎనభై ఎనిమిది. "ఇంత తక్కువ అంకె చూడడం ఇదే మొదటిసారి అక్కా" అంది.

ఫిట్టరు కళ్ళు నులుముకుని గోడకి ఆనుకున్నాడు. కానిస్టేబుల్ని చూశాడు, పగిలిన టీవీ చూశాడు. "ఏమైంది? నాకేమీ గుర్తులేదు" అన్నాడు.

"టీవీ గుర్తుండదు" అందామె. "దానికి ముందుదంతా మీకు గుర్తుంది."

కానిస్టేబులు ఇబ్బందిగా నావైపు వంగాడు. "మీరు కాళ్ళక్క కదూ? పోయినేడాది మా స్టేషన్‌కొచ్చి క్లాసు చెప్పారు. షుగర్ పడిపోయినవాడు ఏం చేసినా వాడిది తప్పు కాదు, తాగుబోతనుకుని లోపలేయొద్దని మీరే చెప్పారు. ఇప్పుడు దీనికి కేసంటే ఎలా? ఆసుపత్రికి పంపించేస్తే సరిపోతుంది కదా."

నా దవడ వాచిపోయి మాట రావడం లేదు. చెయ్యి ఊపి, కేసు రాసుకోమని సైగ చేశాను. ఆయన నిట్టూర్చి పుస్తకం తీశాడు.

"చెప్పమ్మా. ఎవరు కొట్టారు?"

ఎనిమిది నెలల అలవాటు కదా, ఆమె నోరు ముందుగా "షుగర్" అనేసింది. ఆగింది. ఉమ్ము మింగింది, రక్తం కూడా మింగి ఉంటుంది.

"మా ఆయన" అంది.

ఫిట్టరు తల దించుకున్నాడు.

"ఎన్నిసార్లు?"

"ఇవాళ్టితో పన్నెండు. తేదీలు ఆ కాగితాల్లో ఉన్నాయి, అన్నంలో పడ్డాయి చూడండి, అవే. టీవీ పగలగొట్టింది, ఆ చివర గోడని గుద్దింది మాత్రం షుగరే. అవి ఆయన మీద రాయకండి."

కానిస్టేబులు రాసుకుంటూ తలెత్తాడు. "ఇన్నిసార్లు కొడుతుంటే పారిపోకుండా ఇంట్లోనే ఎందుకున్నావమ్మా? పక్కింటికైనా వెళ్ళొచ్చు కదా?"

"మొదటిసారి వెళ్ళాను. తర్వాత ఈ అక్క పారిపోవద్దంది. దగ్గరికెళ్ళమని నేర్పింది." ఆమె గొంతులో కోపం లేదు, బట్ట కొలతలు చెప్పినట్టు చెప్పింది. "అది కూడా రాయండి."

ఆయన పెన్ను ఆపి నావైపు చూశాడు. అదెందుకులెమ్మని నేనంటానని ఎదురుచూశాడు. నేను తలూపాను. ఆయన రాస్తున్నంతసేపూ ఆమె ఆ కాగితం మీదికి వంగి, ఒక్కో మాటా చదువుకుంటూ కూర్చుంది. ఎడమచేత్తో వంకరటింకరగా సంతకం చేసి, కాగితం నావైపు జరిపింది. దాని కింద నేను పెట్టాను.